తీగ తెగినా తూకం ఆగకూడదు: డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ నుంచి డేటాబేస్ సర్వర్ దాకా, చంద్రపూర్ కాంటాల సాక్షిగా ఒక సమీక్ష

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో వ్యాపారం చాలా భాగం కాంటా మీదుగానే సాగుతుంది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనుల బొగ్గు, గడ్చాందూర్, ఘుగ్గుస్ వైపు సిమెంటు, బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు వచ్చే కలప, మూల్ వైపు వడ్లు, రాజురా, కోర్పనా పత్తి, ఏ సరుకైనా లారీలో వచ్చిందంటే కాంటా ఎక్కి దిగాల్సిందే. కాంటా పక్కన ఒక చిన్న గది ఉంటుంది. అందులో ఒక కంప్యూటర్, బరువు చూపించే ఇండికేటర్ నుంచి దానికి ఒక సీరియల్ తీగ, తెర మీద ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. లోడు బరువు, ఖాళీ బరువు, నికర బరువు. ఆపరేటర్ సేవ్ నొక్కగానే ఆ అంకెలు డేటాబేస్ సర్వర్‌లో ఒక వరుసగా చేరాలి. సర్వర్ పక్క గదిలో ఉందా, నాగపూర్ ఆఫీసులో ఉందా, ముంబై క్లౌడ్‌లో ఉందా అన్నదాన్ని బట్టి ఆ తర్వాతి కష్టసుఖాలన్నీ మారిపోతాయి.

ఆ అంకెల విలువ చిన్నది కాదు. బొగ్గు ధర మీద ప్రభుత్వానికి కట్టే రాయల్టీ 14 శాతం. దాని మీద జిల్లా ఖనిజ నిధి వాటా, పన్ను, లారీ కిరాయి, చివరికి డ్రైవర్‌కు ముట్టే డబ్బు, అన్నింటికీ మూలం ఆ నికర బరువే. ఒక వరుస రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా ఎవరో ఒకరి జేబుకు చిల్లు పడుతుంది.

తెలుగువాళ్లకు ఈ ఊరితో అనుబంధం పాతది. వార్ధా నది అవతలి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. 1959లో చంద్రపూర్ జిల్లాలో కలిసింది. గనుల్లో, రైల్వేలో, బజారులో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. బల్లార్షాలో రైలెక్కితే కాజీపేట 234 కిలోమీటర్లే. అందుకే ఇక్కడి చిన్న మిల్లుల్లో, కాంటాల్లో, మందుల దుకాణాల్లో నడిచే ప్రోగ్రాముల్లో కొన్ని నాగపూర్‌లో రాసినవి, కొన్ని హైదరాబాద్‌లో రాసినవి, మరికొన్ని ఇక్కడే కోర్సు చేసిన మన పిల్లలు రాసినవి. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ను డేటాబేస్ సర్వర్‌కు ఎలా కలపాలి అన్న ప్రశ్నకు గత నలభై ఏళ్లలో చాలా జవాబులు పోగయ్యాయి. వాటన్నింటినీ ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. నా తీర్పు ముందే చెబుతాను. ఒకే ఆవరణలో ఉన్నంతవరకు ప్రోగ్రామ్ సర్వర్‌తో నేరుగా మాట్లాడటంలో తప్పేమీ లేదు. తీగ గేటు దాటిందంటే మాత్రం డేటాబేస్ కనెక్షన్‌ను దానితోపాటు బయటికి పంపకూడదు.

ఫైలు కాలం నుంచి సర్వర్ కాలానికి

రిలేషనల్ పద్ధతికి పునాది 1970లో ఎడ్గర్ కాడ్ రాసిన పరిశోధన పత్రం. 1979లో ఒరాకిల్ బజారులోకి వచ్చింది, 1980ల చివరికి సైబేస్, దాని వెంటే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వచ్చాయి. కానీ చంద్రపూర్ లాంటి ఊళ్లు ఆ రోజుల్లో చూసింది వీటిని కాదు. డీబేస్, క్లిప్పర్, ఫాక్స్‌ప్రో. వీటిలో సర్వర్ అనేదే ఉండదు. ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను షేర్ చేస్తారు, నాలుగు బల్లల మీది కంప్యూటర్లు ఆ ఫైలునే తెరుస్తాయి. ఒక పార్టీ బాకీ ఎంతో వెతకాలంటే ఇండెక్స్ ఫైలు ముక్కలన్నీ తీగ మీదుగా ఈ బల్ల దాకా రావాలి. రాస్తుండగా కరెంటు పోయిందా, ఇండెక్స్ పాడైపోతుంది. పొద్దున్నే రీఇండెక్స్ కొట్టి కూర్చోవడం ఆ రోజుల్లో ప్రతి గుమాస్తాకూ అలవాటైన పని. ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ముగిసింది. అయినా ఇప్పటికీ దాన్నే నడుపుతున్న దుకాణాలు ఉన్నాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడను. ఆ గుమాస్తాల లెక్కలు సరిగ్గానే ఉన్నాయి.

సర్వర్ రావడంతో పని విభజన మారింది. ప్రోగ్రామ్ ప్రశ్న పంపుతుంది, సర్వర్ వెతికి జవాబు మాత్రమే తిప్పి పంపుతుంది. ఇద్దరు ఒకేసారి రాయబోతే ఎవరిని ఆపాలో సర్వర్ చూసుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక తన లాగ్ చదువుకుని, సగంలో ఆగిన పనిని రద్దు చేసి, పూర్తయిన పనిని నిలబెడుతుంది. అయితే ఒక్కో సర్వర్‌ది ఒక్కో భాష. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓడీబీసీ ఈ చిక్కును చాలావరకు విప్పింది. ప్రోగ్రామ్ ఒకే తీరుగా అడుగుతుంది, మధ్యలో ఉండే డ్రైవర్ దాన్ని ఆయా సర్వర్ భాషలోకి మారుస్తుంది. జావా వాళ్లకు 1997లో జేడీబీసీ, డాట్‌నెట్ వాళ్లకు 2002లో ఏడీవో డాట్‌నెట్ వచ్చాయి. పేర్లు మారాయి గాని ఏర్పాటు అదే.

మనవైపు ఈ ఏర్పాటు పెద్దయెత్తున పనిచేసిన తొలి ఉదాహరణల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ చేపట్టిన కార్డ్ ప్రాజెక్టు ఒకటి. 1998 నవంబరు 4న రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో అది మొదలైంది. ఏ ఆఫీసు సర్వర్ ఆ ఆఫీసులోనే, దాని చుట్టూ గుమాస్తాల కంప్యూటర్లు. ఆనాటి టెలిఫోన్ లైన్లను నమ్ముకుని అన్ని ఆఫీసులనూ హైదరాబాద్‌కు కట్టేసి ఉంటే ఒక్క దస్తావేజు కూడా సాయంత్రానికి తయారయ్యేది కాదు. సర్వర్‌ను పని జరిగే చోటే ఉంచడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

కొత్తగా కలిపేటప్పుడు

నేరుగా కలపడంలో మొదటి గంట చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇవి ఏళ్ల తరబడి మారలేదు కాబట్టి త్వరగా చెప్పేస్తాను.

సర్వర్ పెట్టిన కంప్యూటర్‌లో అంతా బాగానే నడుస్తుంది, పక్క బల్ల నుంచి మాత్రం కలవదు. కారణం సర్వర్ బయటి మాట వినకుండా కూర్చోవడం. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ మొదట మూసే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మొదట తన కంప్యూటర్ నుంచి వచ్చే పిలుపులకే పలుకుతుంది, ఎవరిని రానివ్వాలో దాని ఫైలులో విడిగా రాసి చెప్పాలి. మైఎస్‌క్యూఎల్ కూడా ఉబుంటు లాంటి వాటిలో అలాగే వస్తుంది. ఇది లోపం కాదు, జాగ్రత్త. పోర్టు అంకెలు అందరికీ తెలిసినవే: ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, ఒరాకిల్‌కు 1521, మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. ఎక్స్‌ప్రెస్‌కు పేరు పెట్టి ఎక్కిస్తే దాని పోర్టు మారుతూ ఉంటుంది. అది ఎక్కడుందో చెప్పే బ్రౌజర్ సర్వీసు 1434 మీద ఉంటుంది. ఆ సర్వీసును నమ్ముకునే బదులు పోర్టును ఒకే అంకెకు స్థిరం చేసి ఫైర్‌వాల్‌లో దాన్నొక్కదాన్నే తెరవడం మేలు.

రెండోది 32 బిట్లు, 64 బిట్ల తగాదా. కాంటా ప్రోగ్రాములు చాలావరకు పాత విజువల్ బేసిక్‌వి, 32 బిట్లవి. డ్రైవర్ 64 బిట్లది ఎక్కిస్తే సర్వర్ వివరాలు రాసి పెట్టుకున్న డీఎస్‌ఎన్ కళ్లెదుటే ఉన్నా ప్రోగ్రామ్‌కు కనపడదు. విండోస్‌లో 32 అని పేరున్న సిస్టమ్ ఫోల్డర్‌లో ఉండేది 64 బిట్ల ఓడీబీసీ సెట్టింగుల పెట్టె. పాత ప్రోగ్రామ్‌కు కావలసిన 32 బిట్ల పెట్టె సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటుంది. పేర్లు తలకిందులు కావడంతో ఎందరో కుర్రవాళ్ల మధ్యాహ్నాలు దీని దగ్గరే ఖర్చయ్యాయి.

మూడోది కొత్త డ్రైవర్ల కట్టుదిట్టం. మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ డ్రైవర్ 18 నుంచి కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడమే మామూలైంది. సర్వర్ సర్టిఫికెట్ తనకు తాను రాసుకున్నదైతే డ్రైవర్ ఒప్పుకోదు. ఇంటర్నెట్‌లో దొరికే చిట్కా సర్వర్‌ను గుడ్డిగా నమ్మమని కనెక్షన్ స్ట్రింగులో ఒక ముక్క చేర్చడం. తాళం ఉన్న గదిలో రెండు కంప్యూటర్ల మధ్య దాన్ని ఎలాగో సర్దుకోవచ్చు గాని, బయటి తీగ మీద ఆ ముక్క ఉంచితే అవతల ఉన్నది మన సర్వరో కాదో తేల్చుకునే దారి ఉండదు. మైఎస్‌క్యూఎల్ 8.0 కూడా 2018లో పాస్‌వర్డ్ పద్ధతి మార్చింది. పాత కనెక్టర్లు దాని ముందు చేతులెత్తేస్తాయి. డ్రైవర్‌ను కొత్తదానికి మార్చడమే దీనికి మందు. సర్వర్‌ను పాత పద్ధతికి దిగలాగడం మందు కాదు.

మన లిపుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చంద్రపూర్ పార్టీల పేర్లు మరాఠీలో, తెలుగులో, ఇంగ్లీషులో వస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్ ఎన్‌వార్‌క్యార్ అయి ఉండాలి, క్వెరీలో పంపే మాట కూడా యూనికోడ్‌గానే వెళ్లాలి. రెంటిలో ఏది తప్పినా టేబుల్‌లో వరసగా ప్రశ్నార్థకాలు చేరతాయి. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ క్యారెక్టర్ సెట్ సరిగ్గా ఉన్నా కనెక్షన్‌ది వేరేగా ఉంటే అదే గతి. ఇలా పోయిన అక్షరం తిరిగి రాదు. తెర మీద తప్పుగా కనిపించడం వేరు, లోపలే ప్రశ్నార్థకంగా నిలిచిపోవడం వేరు. అందుకే అన్నింటికంటే ముందు పరీక్షగా చేయాల్సింది ఒక తెలుగు పేరు, ఒక మరాఠీ పేరు ఎక్కించి, ప్రోగ్రామ్ మూసి, మళ్లీ తెరిచి చదవడం.

దూరం

ఇక అసలు విషయానికి వద్దాం. సర్వర్ దూరమైతే ఏమవుతుంది?

ఆప్టిక్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చంద్రపూర్ నుంచి ముంబైకి తీగ 800 కిలోమీటర్లు అనుకున్నా, పోయి రావడానికే 8 మిల్లీసెకన్లు కావాలి. మధ్యలో రూటర్లు, మొబైల్ టవర్లు దాటేసరికి వాడుకలో అది 40 దాకా పోతుంది. పక్క గదిలో సర్వర్ ఉంటే అర మిల్లీసెకను చాలు. ఇప్పుడు ఆ రోజు తూకాల రిజిస్టర్ తెరవమన్నారు, 500 చీటీలు ఉన్నాయి. పాత ప్రోగ్రామ్ ఒక్కో చీటీకి లారీ వివరం ఒకసారి, పార్టీ పేరు ఒకసారి విడివిడిగా అడుగుతుంది. మొత్తం వెయ్యి ప్రశ్నలు. పక్క గదిలో సర్వర్ ఉంటే అర సెకను, ముంబైలో ఉంటే 40 సెకన్లు. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు, సర్వర్ మారింది అంతే. యజమాని ఇంటర్నెట్ కంపెనీని తిడతాడు, పెద్ద ప్లాన్ కొంటాడు, ఫలితం ఉండదు. ఇక్కడ కొరత తీగ వెడల్పుది కాదు, వెళ్లి రావడం ఎన్నిసార్లన్నదే లెక్క. మూడు టేబుళ్లనూ కలిపి ఒకే క్వెరీలో అడిగితే ఆ వెయ్యి ప్రయాణాలు ఒక్కటైపోతాయి. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన కేంద్రాలు తెరిచింది. హైదరాబాద్ మనకు దగ్గర, కొన్ని మిల్లీసెకన్లు కలిసివస్తాయి. కానీ క్వెరీ రాసే తీరు మారకపోతే ఆ లాభం ఎవరి కంటికీ ఆనదు.

ఆలస్యం కంటే పెద్ద సమస్య కనెక్షన్ నిలబడకపోవడం. మేలో ఇక్కడ ఎండ 46, 47 డిగ్రీలు దాటుతుంది. కాంటా గది రేకుల కప్పు కింద రూటర్ వేడెక్కి తనంత తాను ఆగుతుంది. వానాకాలం పిడుగులకు స్విచ్చులు పోతాయి. లారీ ఏదో ఒకటి వెనక్కి తీస్తూ తీగ తెంపుతుంది. ఇవేవీ లేకపోయినా, ఎవరూ ముట్టని కనెక్షన్‌ను రూటర్ కొన్ని నిమిషాలకే మరచిపోతుంది. ప్రోగ్రామ్‌కు మాత్రం అది బతికే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే విండోస్ ఖాళీగా ఉన్న కనెక్షన్ ప్రాణంతో ఉందో లేదో చూసేది మామూలుగా రెండు గంటలకోసారి. రాత్రి ప్రోగ్రామ్ తెరిచి వదిలేసి వెళితే పొద్దున మొదటి లారీకి మైఎస్‌క్యూఎల్ సర్వర్ వెళ్లిపోయిందన్న సందేశం రావడం చాలామంది చూసినదే. దాని వెయిట్ టైమౌట్ 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు, సరిగ్గా ఒక రాత్రి. పొద్దున తెరిచి సాయంత్రం దాకా ఒకే కనెక్షన్ పట్టుకుని ఉండే ప్రోగ్రామ్ రాయకూడదు. పని వచ్చినప్పుడు తెరవాలి, అయిపోగానే మూయాలి. మాటిమాటికీ కొత్త కనెక్షన్ కట్టే ఖర్చును, వాడిన కనెక్షన్లను దాచి మళ్లీ అందించే పూల్ చూసుకుంటుంది.

పూల్ గురించి ఒక మాట. అది ఒక కంప్యూటర్‌లో, ఒక ప్రోగ్రామ్ లోపల మాత్రమే పనిచేస్తుంది. నూట ఇరవై బల్లల మీద నూట ఇరవై ప్రోగ్రాములు తలా ఒక కనెక్షన్ పట్టుకుంటే, మామూలు సెట్టింగుల్లో వంద మించి ఒప్పుకోని పోస్ట్‌గ్రెస్ మిగతావాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌కు ఆ హద్దు 151. అంకె పెంచవచ్చు గాని, పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్ పెడుతుంది కాబట్టి మెమరీ కూడా ఆ మేరకు కావాలి.

చీటీ పడిందా, పడలేదా?

ఈ ప్రశ్నలో అన్నింటికంటే తక్కువ మంది ఆలోచించేది, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. లారీ కాంటా మీద ఉంది. ఇండికేటర్‌లో అంకె నిలిచింది. ఆపరేటర్ సేవ్ నొక్కాడు. ప్రోగ్రామ్ వరుసను పంపింది, కమిట్ అంది. ఆ క్షణంలోనే తీగ తెగింది. తెర మీద కనెక్షన్ పోయిందని ఒక పెట్టె వచ్చింది.

చీటీ పడిందా? ప్రోగ్రామ్‌కు తెలియదు. కమిట్ అన్న మాట సర్వర్‌కు చేరకముందే తెగి ఉండవచ్చు. అప్పుడు పడలేదు. చేరి, సర్వర్ రాసేసుకుని, సరే అన్న జవాబు తిరిగొచ్చేటప్పుడు తెగి ఉండవచ్చు. అప్పుడు పడింది. ఇవతలి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. వెనక నాలుగు లారీలు హారన్ కొడుతుంటే ఆపరేటర్ చేసే పని ఒక్కటే: తీగ రాగానే మళ్లీ సేవ్ నొక్కుతాడు. ఒకే లారీకి రెండు చీటీలు. నెలాఖరున లెక్కలో పాతిక టన్నులు తేడా వస్తే మొదట దొంగతనం మోపేది ఆ ఆపరేటర్ మీదే. నెలకు నాలుగు డబ్బులకు పనిచేసే మనిషి మీద ఆ నింద పడటానికి కారణం ప్రోగ్రామ్ రాసినవాడు ఈ ఒక్క క్షణం గురించి ఆలోచించకపోవడం.

మందు కష్టమైనది కాదు. లారీ కాంటా ఎక్కగానే, సర్వర్‌ను అడగకుండా, ప్రోగ్రామే ఆ తూకానికి ఎక్కడా మళ్లీ రాని ఒక గుర్తు అంకె తయారు చేసుకోవాలి. జీయూఐడీ అని పిలిచే పొడవాటి అంకె దీనికే పుట్టింది. టేబుల్‌లో ఆ కాలమ్‌కు యూనీక్ నియమం పెట్టాలి. తీగ తెగి, మళ్లీ వచ్చాక అదే గుర్తుతో అదే వరుసను పంపాలి. మొదటిసారి పడకపోయి ఉంటే ఇప్పుడు పడుతుంది. పడి ఉంటే సర్వర్ ఇది ఇప్పటికే ఉందని తిప్పికొడుతుంది, ప్రోగ్రామ్ దాన్ని పొరపాటుగా కాక విజయంగా తీసుకుని చీటీ ప్రింట్ చేయాలి. ఎన్నిసార్లు నొక్కినా ఒకే చీటీ. సర్వర్ ఇచ్చే ఆటోనంబర్‌నే ఏకైక గుర్తుగా పెట్టుకున్న ప్రోగ్రామ్‌కు ఈ వెసులుబాటు ఉండదు.

దీనికి తోడు ట్రాన్సాక్షన్‌ను తెరిచి ఉంచి మనిషి కోసం ఆగకూడదు. సేవ్ చేయాలా అని అడిగే పెట్టెను ట్రాన్సాక్షన్ మధ్యలో పెట్టిన ప్రోగ్రాములు ఉన్నాయి. ఆపరేటర్ చాయ్ తాగడానికి వెళ్తే ఆ వరుసల తాళాలు పట్టుకునే ఉంటాయి, పక్క కాంటా కదలదు. అడగాల్సినవన్నీ ముందే అడిగేసి, తెరవడం, రాయడం, మూయడం ఒక్క ఊపులో ముగించాలి.

పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది?

నేరు కనెక్షన్‌కు పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటి ఉంది. సర్వర్ పాస్‌వర్డ్ ప్రతి బల్ల మీదా ఉండాలి. ఎక్జీ ఫైలులో దాచినా, కాన్ఫిగ్ ఫైలులో మెలికలు తిప్పి రాసినా, ప్రోగ్రామ్ చదవగలిగింది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషీ చదవగలడు. చదివాక ఎక్సెల్ తెరిచి, అదే డ్రైవర్‌తో అదే సర్వర్‌కు కలిసి, నికర బరువు కాలమ్ మార్చవచ్చు. ప్రోగ్రామ్‌లో పెట్టిన తనిఖీలేవీ అతన్ని ఆపవు. చాలా చోట్ల ఆ పాస్‌వర్డ్ సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న ఎస్‌ఏ ఖాతాదే కావడం మరీ దారుణం. నేరుగా కలిపినా సరే, ఆ లాగిన్‌కు టేబుళ్ల మీద హక్కులు తీసేసి, చీటీ రాయడం, చీటీ చదవడం అనే రెండు మూడు స్టోర్డ్ ప్రొసీజర్లు నడిపే హక్కు మాత్రం ఇవ్వాలి. రాసిన తూకాన్ని మార్చే హక్కు కాంటా గదిలోని ఏ లాగిన్‌కూ ఉండకూడదు. తప్పు దిద్దాలంటే కొత్త వరుసగా దిద్దుబాటు చీటీ రాయాలి, పాతది అలాగే ఉండాలి. క్వెరీలను మాటలు అతికించి తయారు చేయడం కూడా మానాలి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ గురించి 1998 నుంచీ లోకానికి తెలుసు. పారామీటర్లు వాడితే ఆ దారి మూసుకుంటుంది, పేరులో కొటేషన్ గుర్తు ఉన్న పార్టీ దగ్గర ప్రోగ్రామ్ కూలిపోవడమూ ఆగుతుంది.

డేటాబేస్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడం గురించి 2003 జనవరి 25 చెప్పినంత గట్టిగా ఇంకెవరూ చెప్పలేరు. ఆ రోజు స్లామర్ అనే పురుగు 1434 పోర్టు మీదుగా ఎస్‌క్యూఎల్ సర్వర్లలోకి దూరింది. దాని నిడివి 376 బైట్లు. పది నిమిషాల్లో ప్రపంచంలో దానికి దొరకగల కంప్యూటర్లలో అత్యధిక భాగాన్ని పట్టేసింది. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది, అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏటీఎంలు ఆగాయి. దాన్ని ఆపే ప్యాచ్ ఆరు నెలల ముందే, 2002 జూలైలో వచ్చింది. మరి ఎందుకు వేసుకోలేదు? చాలామందికి తమ కంప్యూటర్‌లో డేటాబేస్ సర్వర్ ఉందనే తెలియదు. ఏదో డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఎక్కిస్తే దానితోపాటు ఎంఎస్‌డీఈ అనే చిన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా చడీచప్పుడు లేకుండా దిగింది. ఈ రోజు మనం ఎక్కించే ఎక్స్‌ప్రెస్‌ల గురించి యజమానికి చెబుతున్నామా అని ప్రతివాడూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

దూరమైతే ఉన్న దారులు

మొదటి దారి మధ్యలో ఒక సర్వీసు పెట్టడం. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ డేటాబేస్‌తో మాట్లాడదు. సర్వర్ పక్కనే ఉండే సర్వీసుకు, ఇదిగో ఈ తూకం రాసుకో అని హెచ్‌టీటీపీఎస్‌లో ఒక్క మాట పంపుతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ సర్వీసు దగ్గరే ఉంటుంది, కాంటా గదికి రాదు. వెయ్యి ప్రశ్నలు ఒక్క ప్రయాణంలో ముగుస్తాయి. నూట ఇరవై బల్లలు ఉన్నా డేటాబేస్ చూసేది సర్వీసు పట్టుకున్న పది పదిహేను కనెక్షన్లనే. రైల్వే రిజర్వేషన్‌ది కూడా మూలంలో ఇదే ఆలోచన. బల్లార్షా కౌంటర్‌లోని గుమాస్తా సీట్ల పట్టికను నేరుగా ముట్టుకోడు, సీటు కావాలని అడుగుతాడంతే. సికింద్రాబాద్‌తో సహా ఐదు కేంద్రాలను 1999 ఏప్రిల్‌లో ఒకదానికొకటి కలిపాక ఏ ఊళ్లో కూర్చునైనా ఏ రైలుకైనా టికెట్ తీసుకునే వీలు వచ్చింది. ప్రతి కౌంటరూ డేటాబేస్‌కు నేరుగా కట్టి ఉంటే ఆ పని జరిగేది కాదు.

రెండోది ప్రోగ్రామ్‌నే సర్వర్ దగ్గరికి చేర్చి, దాని తెరను మాత్రం రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇక్కడికి తెచ్చుకోవడం. ట్యాలీని క్లౌడ్‌లో నడుపుకునే ఆడిటర్లు చేసేది ఇదే. పాత ప్రోగ్రామ్‌ను తిరగరాసే స్తోమత లేనివాళ్లకు ఇది మర్యాదైన దారి. 3389 పోర్టును లోకానికి తెరవకుండా వీపీఎన్ లోపల ఉంచాలన్నది మాత్రం ఖాయం. కానీ కాంటాకు ఇది చాలదు. సీరియల్ తీగ ఇక్కడ, ప్రోగ్రామ్ అక్కడ. తీగ తెగితే తెర కూడా పోతుంది.

మూడోది నాకు అన్నింటికంటే నచ్చినది, చంద్రపూర్‌కు సరిగ్గా అతికేది. చీటీని మొదట కాంటా గదిలోని కంప్యూటర్‌లోనే ఎస్‌క్యూలైట్‌లో రాసి, వెంటనే ప్రింట్ ఇచ్చి లారీని పంపించాలి. పంపాల్సినవాటి పట్టిక ఒకటి పక్కన ఉంచుకుని, తీగ ఉన్నప్పుడు వెనకాల సర్వీసుకు పంపుతూ ఉండాలి. గుర్తు అంకె ముందే ఉంది కాబట్టి రెండుసార్లు పంపినా భయం లేదు. ఎస్‌క్యూలైట్ పుట్టిన కథ కూడా ఈ బాధలోంచే వచ్చింది. 2000లో రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళ యుద్ధనౌక కోసం ఒక ప్రోగ్రామ్ మీద పనిచేస్తున్నాడు. దాని వెనక ఇన్‌ఫార్మిక్స్ సర్వర్ ఉండేది. సర్వర్ పడిపోయినప్పుడల్లా అతని ప్రోగ్రామ్ కూడా పనిచేయక చేతులెత్తేసేది. అసలు సర్వర్ అవసరమే లేని డేటాబేస్ ఎందుకు ఉండకూడదని అతను మొదలుపెట్టింది ఈ రోజు ప్రతి ఫోనులోనూ ఉంది. ఒక్క హెచ్చరిక: ఎస్‌క్యూలైట్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నాలుగు కంప్యూటర్లతో తెరిపిస్తే మళ్లీ ఫాక్స్‌ప్రో రోజుల రీఇండెక్స్ బాధలే.

దీనికి వచ్చే అభ్యంతరం వరుస సంఖ్య. రెండు కాంటాలు సర్వర్‌ను అడగకుండా చీటీ నంబర్లు ఇచ్చుకుంటే ఢీకొనవా, జీఎస్టీ అధికారి ఒప్పుకుంటాడా అని ఆడిటర్లు అడుగుతారు. ఒప్పుకుంటాడు. సీజీఎస్టీ నియమం 46 ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు మించకూడదని, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదని, వరుసగా ఉండాలని అంటుంది. ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు ఉండవచ్చని కూడా అదే నియమం చెబుతుంది. ఒక్కో కాంటాకు ఒక్కో ముందక్షరం ఇచ్చి దాని వరుస దానిని నడుపుకోనిస్తే సరిపోతుంది.

కలపడం ఎంత చక్కగా చేసినా తీరనివి కొన్ని ఉన్నాయి. జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవేనంటున్న పల్లెలు ఉన్నాయి. అక్కడ ఒకే మనిషికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు జాబితాల్లో పేరు ఉంటాయి. రెండు డేటాబేస్‌లలో రెండు వరుసలు. ఆ చిక్కు తేలాల్సింది ప్రభుత్వాల మధ్య, ప్రోగ్రామర్ చేతిలో కాదు.

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురాల్లోనే కాదు, తెలుగు నేల మీద ఏ మిల్లుకైనా, గోదాముకైనా ప్రోగ్రాములు రాసి ఇచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఒకటే. ప్రోగ్రామ్ అప్పగించే రోజు, డబ్బు తీసుకునే ముందు, యజమానినీ ఆపరేటర్‌నూ పక్కన నిలబెట్టుకుని, సేవ్ నొక్కుతూ మీ చేత్తోనే నెట్‌వర్క్ తీగ ఊడదీయండి. చీటీ ప్రింట్ కావాలి, లారీ కదలాలి, తీగ తిరిగి పెట్టాక సర్వర్‌లో ఒకే ఒక్క వరుస కనపడాలి. అంతవరకు అప్పగించకండి.